గోధుమ పడకపోవడం ఫ్యాషన్ కాదండీ!

"నేను గోధుమ తినకూడదండీ" అని చెప్పగానే నాకొచ్చే సమాధానాలు మూడు రకాలు.

మొదటిది మా ఊరి రకం. "గోధుమ పడకపోవడం ఏంట్రా? చిన్నప్పట్నుంచీ అన్నానికి అలవాటు పడ్డావు గదా, నాల్రోజులు వరసగా చపాతీ తిను, అదే సర్దుకుంటుంది". రెండోది మా ఆఫీసు రకం. "ఓ, గ్లూటెన్ ఫ్రీనా! నేనూ పోయిన నెల ట్రై చేశా, మూడు కిలోలు తగ్గా". మూడోది నాకు సంబంధాలు చూస్తున్న మా చుట్టాల రకం. "ఆ మాట బయట అనకు!"

ముగ్గురూ నా మంచి కోరేవాళ్ళే. కానీ ముగ్గురి మాటా తప్పే. ఎందుకు తప్పో చెప్దామని ఇది మొదలుపెట్టాను. కొంచెం పెద్దదే అవుతుంది, ఓపిక పట్టండి :)

మాది కృత్తివెన్ను. బందరు నుంచి నర్సాపురం వైపు 216 హైవే మీద వెళ్తుంటే, ఉప్పుటేరు దాటకముందే వస్తుంది. ఒకప్పుడు వరి చేలు, ఇప్పుడు ఎటు చూసినా చెరువులు. నాన్నగారికి రొయ్యల చెరువులున్నాయి. నేను ఇంజనీరింగ్ అయ్యాక అందరిలాగే హైదరాబాదు వచ్చి సాఫ్ట్‌వేర్లో పడ్డాను. రెండేళ్ళ క్రితం నాకు సీలియాక్ అనే జబ్బు ఉందని తేలింది. అది తేలడానికి నాలుగేళ్ళు పట్టింది. ఆ నాలుగేళ్ళూ ఒకచోట రక్తహీనత అన్నారు, ఇంకోచోట గ్యాస్ అన్నారు, మరోచోట "ఐటీ వాళ్ళకి ఇవి మామూలే, టెన్షన్ తగ్గించుకోండి" అన్నారు. ఐరన్ మాత్రలు డబ్బాలకి డబ్బాలు మింగినా హిమోగ్లోబిన్ 9 దాటలేదు. చివరికి ఒక డాక్టరుగారు "మాత్రలు వేసుకుంటున్నా రక్తం ఎందుకు పట్టడంలేదు?" అని ఎదురు ప్రశ్న వేసుకున్నారు. ఆ ఒక్క ప్రశ్నతో తాళం తెరుచుకుంది.

ఇంతకీ సీలియాక్ అంటే ఏమిటి?

గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో గ్లూటెన్ అనే ప్రోటీన్ ఉంటుంది. చపాతీ పిండిని సాగేలా చేసేది అదే. కొంతమందికి ఈ గ్లూటెన్ పేగులోకి వెళ్ళగానే వాళ్ళ రోగనిరోధక వ్యవస్థ దాన్ని శత్రువు అనుకుంటుంది. అక్కడితో ఆగితే బాగానే ఉండును. గ్లూటెన్‌ని కొట్టబోయి మన సొంత చిన్నపేగునే కొడుతుంది. మన భాషలో చెప్పాలంటే, యాంటీవైరస్ ఒక ఫైలు చూసి కంగారుపడి సిస్టమ్ ఫైళ్ళని డిలీట్ చేసినట్టు. ఆ ఫైలు వచ్చినప్పుడల్లా అదే పని. చిన్నపేగు లోపల ఆంత్రచూషకాలని స్కూల్లో చదువుకున్నాం గుర్తుందా? తిన్నదాన్ని రక్తంలోకి పీల్చుకునే మెత్తటి పోగులు. అవి అరిగిపోయి చదునైపోతాయి. అప్పుడు ఎంత తిన్నా, ఎన్ని మాత్రలు మింగినా, ఒంటికి పట్టేది తక్కువ.

నాన్నగారికి ఇది అర్థమయ్యేలా చెప్పడానికి నేను నానా తంటాలు పడ్డాను. యాంటీవైరస్ కథ ఆయన దగ్గర పనిచెయ్యదు కదా. ఆఖరికి ఈహెచ్‌పీ అన్నాను. వనామీ సాగు చేసేవాళ్ళకి ఈ పేరు వింటేనే గుండె ఝల్లుమంటుంది. రొయ్య చావదు, మేత తింటూనే ఉంటుంది, కానీ ఎదగదు. మేత ఖర్చు పెరుగుతూనే ఉంటుంది, కౌంటు మాత్రం రాదు. "నాకూ అలాంటిదే నాన్నా, తింటున్నా, పట్టట్లేదు" అన్నాను. ఆయన ఒక నిమిషం ఊరుకుని, "మరి సీడుకి పీసీఆర్ చేయించినట్టు నీకు మొదట్లోనే టెస్టు ఎందుకు చెయ్యలేదు వాళ్ళు?" అన్నారు.

నిజంగానే, ఎందుకు చెయ్యలేదు? నేను రాయాలనుకున్న అసలు విషయం ఇదే.

(రెండూ ఒకటే రకం జబ్బులు కావు లెండి. ఈహెచ్‌పీ పరాన్నజీవి వల్ల వస్తుంది, ఒక రొయ్య నుంచి ఇంకోదానికి అంటుకుంటుంది. సీలియాక్ ఎవరికీ అంటుకోదు. పోలిక పట్టకపోవడం వరకే.)

సీలియాక్ అలర్జీ కూడా కాదు. గోధుమ అలర్జీ వేరే ఉంది, దానికి తిన్న కాసేపటికే దద్దుర్లో, ఆయాసమో వస్తాయి. సీలియాక్ ఆటోఇమ్యూన్ జబ్బు. నెమ్మదిగా, నెలల తరబడి, లోపల్లోపల జరుగుతుంది. కొంతమందికి విరేచనాలు, కడుపుబ్బరం ఉంటాయి. కొంతమందికి కడుపులో ఏమీ ఉండదు, రక్తహీనతో, ఎముకల బలహీనతో, పిల్లలైతే ఎత్తు పెరగకపోవడమో కనిపిస్తుంది. కొంతమందికి మోచేతులమీద, మోకాళ్ళమీద విపరీతమైన దురదతో చిన్న చిన్న పొక్కులొస్తాయి. చర్మం డాక్టరు దగ్గరికి తిరుగుతుంటారు, కారణం పేగులో ఉంటుంది.

గోధుమకీ ఈ జబ్బుకీ ఉన్న సంబంధం కనిపెట్టిన కథ ఒకటుంది. సీలియాక్ లక్షణాలని ఇంగ్లండులో శామ్యూల్ గీ అనే డాక్టరు 1888 లోనే వివరంగా చెప్పాడు. తిండి మారిస్తేనే గుణం కనిపిస్తుందని కూడా అన్నాడు. కానీ ఏ తిండో తేలలేదు. 1920 ల్లో అమెరికాలో పిల్లలకి అరటిపళ్ళ పథ్యం పెట్టారు. పిల్లలు కోలుకునేవాళ్ళు, అరటిపండులో ఏదో మహిమ ఉందనుకున్నారు. మహిమ అరటిపండుది కాదు, దానికోసం మానేసిన రొట్టెది! హాలండులో విల్లెం డికే అనే పిల్లల డాక్టరుకి రొట్టెమీద ముందునుంచే అనుమానం ఉండేది. రెండో ప్రపంచయుద్ధం చివర్లో, 1944-45 చలికాలంలో అక్కడ భయంకరమైన కరువొచ్చి రొట్టె దొరకలేదు. ఊరంతా ఆకలితో అల్లాడుతుంటే సీలియాక్ పిల్లలు కొందరు మాత్రం తేరుకున్నారు. రొట్టె మళ్ళీ దొరకగానే మళ్ళీ పడ్డారు. డికే దీన్ని పద్ధతిగా పరీక్షించి 1950 లో తన థీసిస్‌లో రాశాడు. ఇన్నేళ్ళు గడిచినా వైద్యం అదే, జీవితాంతం గ్లూటెన్ మానెయ్యడం. మందుల కోసం ప్రయోగాలు జరుగుతున్నాయి. ఆశపెట్టిన ఒక మందు మూడో దశ ప్రయోగాలు 2022 లో మధ్యలోనే ఆపేశారు.

సరే, మనవైపుకి వద్దాం. "ఇది ఉత్తరాదివాళ్ళ జబ్బు, మనకి రాదు" అన్నమాట నాకు చాలామంది చెప్పారు, తెల్లకోటు వేసుకున్నవాళ్ళతో సహా. ఇందులో సగం నిజం ఉంది. 2016 లో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. ఉత్తరాన, ఈశాన్యాన, దక్షిణాన కలిపి 23 వేలమందికి పైగా పెద్దవాళ్ళని పరీక్షించారు. దక్షిణాదికి వాళ్ళు తీసుకున్న ప్రాంతం వెల్లూరు. రక్తంలో సీలియాక్ యాంటీబాడీలు ఉత్తరాన నూటికి 1.23 మందికి, ఈశాన్యాన 0.87 మందికి, దక్షిణాన 0.10 మందికి ఉన్నాయని తేలింది. అంటే అక్కడ దాదాపు ఎనభైమందిలో ఒకరైతే, ఇక్కడ వెయ్యిమందిలో ఒకరు.

ఇక్కడిదాకా చదివి "చెప్పానా!" అనేస్తారు. ఆ అధ్యయనంలోనే ఇంకో రెండు లెక్కలున్నాయి. ఈ జబ్బు రావాలంటే డీక్యూ2, డీక్యూ8 అనే జన్యువుల్లో ఏదో ఒకటి ఉండాలి. అవి ఉన్నవాళ్ళు ఉత్తరాన నూటికి 38 మంది. దక్షిణాన 36 మంది! ఆట్టే తేడా లేదు. మరి తేడా ఎక్కడుంది? తిండిలో. ఉత్తరాన రోజుకి సగటున 455 గ్రాముల గోధుమ తింటుంటే, దక్షిణాన 25 గ్రాములు.

ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే నాకైతే ఒకటే అర్థమైంది. మనకి రోగం లేక కాదు, గోధుమ లేక! తూటా మన దగ్గరా ఉంది, ట్రిగ్గరే తక్కువసార్లు నొక్కుతున్నాం. జన్యువు ఉన్నవాళ్ళలో కూడా చాలా కొద్దిమందికే జబ్బొస్తుంది, మిగతా కారణాలేవో కూడా ఉన్నాయి. గోధుమ పెరిగితే అందరికీ వచ్చేస్తుందని నేననట్లేదు. కానీ "మనకి రాదు" అనే మాటకి ఉన్న ఆధారం మాత్రం మన పళ్ళెంలో అన్నమే. ఆ పళ్ళెం మారిపోతోంది కదా?

మా ఊళ్ళోనే చూడండి. నా చిన్నప్పుడు గోధుమపిండి అంటే పూరీలు, అది కూడా ఆదివారం. ఇప్పుడు సుగరు ఉన్న ప్రతి ఇంట్లో రాత్రిపూట చపాతీ. సుగరు లేని ఇల్లు డెల్టాలో ఎన్ని ఉన్నాయి? ఇక హైదరాబాదు వచ్చినవాడి సంగతి చెప్పక్కర్లేదు. పొద్దున బ్రెడ్డో, ఉప్మానో, మధ్యాహ్నం క్యాంటీన్లో రోటీ, సాయంత్రం సమోసా, రాత్రి నూడుల్సో, పిజ్జానో. మా అమ్మమ్మ నెలంతా తిన్న గోధుమ నేను రెండ్రోజుల్లో తినేవాణ్ణి. అమెరికాలో ఉన్న మనవాళ్ళ సంగతి వాళ్ళే చెప్పాలి.

వెయ్యికి ఒకరు అంటే తక్కువేం కాదు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా 8 కోట్ల 46 లక్షలు. వెల్లూరు లెక్కే మనకీ వర్తిస్తుందనుకుంటే (ఇది కేవలం చేతివేళ్ళ మీద లెక్క) దాదాపు 84 వేలమంది తెలుగువాళ్ళ రక్తంలో ఈ యాంటీబాడీలు ఉండాలి. మీకు తెలిసిన సీలియాక్ మనిషి ఒక్కరైనా ఉన్నారా? నాకు నేను తప్ప ఎవరూ తెలీదు. మరి వాళ్ళలో జబ్బున్నవాళ్ళంతా ఎక్కడున్నారు? నేను ఉన్నచోటే ఉండి ఉంటారు, ఐరన్ మాత్రలు మింగుతూ.

ఈ రక్తహీనత అనే మాట మన దగ్గర చాలా ప్రమాదకరమైన మాట. ఎందుకంటే అది మామూలైపోయింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 58.8 మందికి రక్తహీనత. సగం కంటే ఎక్కువమందికి ఉన్నదాన్ని ఎవరు పట్టించుకుంటారు? ప్రొడక్షన్లో రోజూ వచ్చే వార్నింగ్‌లా అందరూ దాన్ని దాటుకుని పోతుంటారు. ఆ వార్నింగుల మధ్యలో ఒక్క నిజమైన ఎర్రర్ ఉంటే, అదీ వాటితోపాటే పోతుంది. వీళ్ళలో సీలియాక్ వాళ్ళు కొద్దిమందే ఉంటారు, ఒప్పుకుంటాను. అందరికీ టెస్టులు రాయమనట్లేదు. కానీ ఐరన్ ఇచ్చాక కూడా మూణ్ణెల్లకీ ఆర్నెల్లకీ రక్తం పెరగకపోతే, అప్పుడైనా "ఎందుకు?" అని అడగాలా వద్దా?

దక్షిణాది డాక్టర్ల పక్షాన ఒక మాట చెప్పుకోవాలి. మనవైపు ట్రాపికల్ స్ప్రూ అని ఇంకో జబ్బుండేది. అది కూడా పేగుల్ని ఇలాగే అరగదీస్తుంది, బయాప్సీలో చూస్తే సీలియాక్‌లాగే అనిపించవచ్చు. 1960 ల్లో దక్షిణ భారతంలో పల్లెలకి పల్లెలు దీని బారిన పడితే వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల వాళ్ళు ఎంతో పనిచేశారు. అందుకని ఇక్కడ పేగు పట్టకపోతే ముందు ఆ జబ్బు గుర్తుకురావడం సహజమే. కాకపోతే దానికి యాంటీబయాటిక్, ఫోలిక్ యాసిడ్ ఇస్తే తగ్గుతుంది. దీనికి తగ్గదు.

ఇప్పుడు టెస్టు సంగతి. ఈ పేరా ఒక్కటి గుర్తుపెట్టుకున్నా చాలు. మొదటి పరీక్ష మామూలు రక్తపరీక్షే, టీటీజీ-ఐజీఏ అంటారు. దాంతోపాటు మొత్తం ఐజీఏ ఎంతుందో కూడా చూడాలి. సీలియాక్ వాళ్ళలో నూటికి ఇద్దరు ముగ్గురికి ఒంట్లో ఐజీఏనే సరిగ్గా తయారవ్వదు. లాగింగ్ ఆఫ్ చేసి ఉన్న సర్వర్లో ఎర్రర్ల కోసం వెతికినట్టు, రిపోర్టు శుభ్రంగా వస్తుంది, రోగం అలాగే ఉంటుంది. రక్తపరీక్షలో తేడా ఉంటే ఎండోస్కోపీ చేసి చిన్నపేగు ముక్కలు కొన్ని తీసి చూస్తారు. నొప్పి కంటే భయం ఎక్కువ, అంతే.

అన్నిటికంటే ముఖ్యమైనది, టెస్టు అయ్యేదాకా గోధుమ మానకూడదు! మానేస్తే యాంటీబాడీలు తగ్గిపోతాయి, పేగు మానుతుంది, రిపోర్టు నార్మల్ అని వస్తుంది. బ్రిటన్‌లో డాక్టర్లకిచ్చిన మార్గదర్శకాల్లో, పరీక్షకి ముందు కనీసం ఆరు వారాలపాటు రోజూ ఒకటి కంటే ఎక్కువ పూటలు గ్లూటెన్ తినమని ఉంది. ఇది మన అన్నం తినేవాళ్ళకి మరీ ముఖ్యం. కృత్తివెన్నులో ఉండి మూడుపూటలా అన్నమూ, ఇడ్లీ తినేవాడికి టెస్టు చేసి "లేదు" అంటే, నిజంగా లేదో, గోధుమ చాలక కనపడలేదో చెప్పలేం. ఎవరో వీడియోలో చెప్పారని ముందే గోధుమ మానేసి, "ఒళ్ళు తేలికయ్యింది" అని సంబరపడి, తర్వాత టెస్టుకి వెళ్ళేవాళ్ళు తమ ఆధారాల్ని తామే చెరుపుకుంటున్నారు.

ఫ్యాషన్ వాళ్ళతో నా పేచీ ఇదే. వాళ్ళు మానడం వల్ల నాకు నష్టం లేదు. నిజానికి వాళ్ళు కొంటున్నారు కాబట్టే సూపర్ మార్కెట్లో గ్లూటెన్ ఫ్రీ అరలంటూ ఉన్నాయి, దణ్ణం పెట్టాలి. గోధుమ తింటే కడుపుబ్బరం వచ్చి, సీలియాక్ లేనివాళ్ళూ ఉన్నారు, వాళ్ళ బాధ అబద్ధం కాదు. కానీ నూటికి తొంభైమంది సరదాకి అనే మాట కావడంతో పదోవాడి మాటకి విలువ పోయింది. సర్వరుని పిలిచి "గ్లూటెన్ ఉండకూడదు" అంటే, చపాతీ కాల్చిన పెనం మీదే నా దోసె వేసి తెస్తాడు. అతని తప్పేముంది? నిన్న ఇదే మాట చెప్పిన మనిషి చివర్లో కేకు తిని వెళ్ళాడు మరి!

కొంచెం తగిలితే ఏమవుతుందిలే అనుకోకండి. రోజుకి 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడు నెలలు తిన్నా పేగు దెబ్బతింటుందని 2007 లో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. ఒక్క బ్రెడ్డు ముక్కలో రెండు గ్రాముల దాకా ఉంటుంది. అంటే ముక్కలో నలభయ్యో వంతు, ఒక చిటికెడు! అందుకే మన ఎఫ్ఎస్ఎస్ఏఐ కూడా గ్లూటెన్ ఫ్రీ అని రాయాలంటే కిలోకి 20 మిల్లీగ్రాములు మించకూడదని నియమం పెట్టింది. 2020 లేబులింగ్ నియమాల ప్రకారం గ్లూటెన్ ఉన్న ధాన్యాలు వాడితే ప్యాకెట్ మీద ఆ సంగతి చెప్పాలి. మంచిదే. కానీ మనం తినేదాంట్లో ప్యాకెట్ లేనిదే ఎక్కువ కదా. పిండిమరలో మన శనగపప్పు కంటే ముందు ఎవరి గోధుమలు ఆడారో ఏ లేబుల్ చెప్తుంది?

మీ ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బుంటే పనికొస్తుందని కొన్ని చెప్తాను. ఇంగువ చూడండి. మార్కెట్లో దొరికే ఇంగువలో చాలావాటిలో గోధుమపిండో, మైదానో కలుపుతారు. అంటే సాంబారు, పులిహోర, ఆవకాయ... అన్నీ అనుమానమే. ఉప్మారవ్వ, సేమ్యా గోధుమే. పెసరట్టు మంచిదే, లోపల ఉప్మా పెడితే కాదు. రవ్వదోసె కాదు. సోయాసాస్‌లో గోధుమ ఉంటుంది కాబట్టి మంచూరియా కాదు. హలీం కాదు, అందులో గోధుమ పడాల్సిందే. మాల్ట్ అంటే మొలకెత్తిన బార్లీ కాబట్టి హార్లిక్స్ కాదు, బీరూ కాదు. (దీనికే మా ఫ్రెండ్స్ ఎక్కువ సానుభూతి చూపించారు.) ఒంట్లో బాలేదని ఎవర్నైనా చూడ్డానికి వెళ్తే మనవాళ్ళు తీసుకెళ్ళేవి ఏమిటి? బ్రెడ్డూ, హార్లిక్సూ! నన్ను పరామర్శించడానికి వచ్చినవాళ్ళంతా పాపం విషం పట్టుకొచ్చారు.

అదే మా బందరు లడ్డూ చూడండి. శనగపిండి, నెయ్యి, బెల్లం. గోధుమ ఊసే లేదు. 2017 లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. దాని పక్కనే ఉండే బందరు హల్వా మాత్రం గోధుమల్ని నానబెట్టి రుబ్బి తీసిన పాలతో చేస్తారు. ఒకే కొట్లో, ఒకే అద్దాల పెట్టెలో, ఒకటి నాది, ఒకటి కాదు. ఇక కొట్టువాడు రెండిటికీ ఒకే గరిటె వాడితే రెండూ నావి కావు. మా అమ్మ ఉగాదికి బొబ్బట్లు మానేసి పూర్ణం బూరెలకి మారింది. అరిసెలు, సున్నుండలు, పూతరేకులు, జంతికలు ఎలాగూ ఉన్నాయి. ఇంట్లో ఆడించుకున్న పిండితో చేస్తే నాకు లోటేం లేదు. నిజం చెప్పాలంటే కృత్తివెన్నులో నాకు జబ్బున్నట్టే ఉండదు. గచ్చిబౌలిలో దిగగానే మళ్ళీ మొదలవుతుంది.

అలాగని "మన పూర్వీకులు ఎంత గొప్పవాళ్ళో" అని మొదలుపెట్టను. డెల్టాలో వరి పండింది కాబట్టి వరి తిన్నారు, అంతే. గోధుమ విషమని ఫార్వర్డ్‌లు పంపేవాళ్ళకి కూడా నా మనవి ఒకటే. గోధుమ నాకు విషం, మీకు కాదు. కోట్లమంది అది తినే బతుకుతున్నారు.

కష్టమైనది తిండి కాదు, తిండి చుట్టూ ఉన్న మనుషులు. సత్యనారాయణ వ్రతం ప్రసాదం గోధుమరవ్వతో చేస్తారు. అన్నవరం ప్రసాదమూ అంతే. "ప్రసాదం వద్దనకూడదు, దేవుడే చూసుకుంటాడు" అంటారు. నేను తీసుకుని కళ్ళకద్దుకుని పక్కవాళ్ళకి ఇచ్చేస్తాను. మా ఊళ్ళో చర్చికి వెళ్ళే ఒక ఫ్రెండు, "మా వాళ్ళకైతే సంస్కారం రొట్టె సంగతేంటి?" అని అడిగితే వెతికాను. కాథలిక్కుల్లో గ్లూటెన్ పూర్తిగా తీసేసిన రొట్టె చెల్లదని, తక్కువ గ్లూటెన్ ఉన్నది వాడుకోవచ్చని 2017 లో వాటికన్ మరోసారి చెప్పింది. అంటే అంత పెద్ద సంస్థ కూడా ఈ ప్రశ్న ఉందని ఒప్పుకుని జవాబు చెప్పింది. మన పంతులుగారిని అడిగితే ఆయన కూడా బియ్యపురవ్వతో చెయ్యండమ్మా అన్నారు, రెండో ఆలోచన లేకుండా. అడిగేదాకానే భయం.

ఇక మూడో రకం వాళ్ళు, "బయట అనకు" అనేవాళ్ళు. వీళ్ళ దగ్గరే నాకు అన్నిటికంటే ఎక్కువ పేచీ.

ఈ జబ్బు నెత్తురులో నడుస్తుంది. ఇంట్లో ఒకరికుంటే తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లల్లో నూటికి ఏడెనిమిది మందికి ఉండే అవకాశం ఉంది. మిగతా ఆటోఇమ్యూన్ జబ్బులతోనూ దీనికి చుట్టరికం ఉంది. చిన్నప్పుడే వచ్చే టైప్ 1 సుగరు ఉన్నవాళ్ళలో నూటికి అయిదారుగురికి సీలియాక్ ఉంటుంది. హషిమోటో థైరాయిడ్ ఉన్నవాళ్ళలోనూ మామూలు జనంలో కంటే ఎక్కువ. పేగు బాగోకపోతే థైరాయిడ్ మాత్ర కూడా సరిగా పట్టదు, డోసు పెంచుకుంటూ పోతారు.

మా అక్కది గుడివాడలో అత్తగారిల్లు. అక్కకి థైరాయిడ్ ఉంది, ఎప్పుడూ రక్తం తక్కువే. నాకు తేలిన రోజే డాక్టరుగారు "ఇంట్లోవాళ్ళకీ చేయించండి" అన్నారు. అమ్మానాన్నలకి వారంలో చేయించాను, లేదని వచ్చింది. అక్కకి చేయించడానికి పదకొండు నెలలు పట్టింది. ఎందుకంటారా? "ఉన్న థైరాయిడ్ చాలదా, ఇంకో రోగం అంటగట్టడం దేనికి, వాళ్ళేమనుకుంటారు" అని మావాళ్ళే. రోజూ సాయంత్రం ఆ ఇంట్లో ఏడుగురికి చపాతీ పిండి కలిపేది అక్క. "నాకీ పిండి పడదు" అని ఆ వంటింట్లో నిలబడి చెప్పడం ఎంత కష్టమో, నా క్యాంటీన్ కష్టం దాని ముందు ఏపాటిది? నాకు జబ్బుందని తెలియగానే మా ఇంట్లో వంటిల్లే మారిపోయింది. అదే కోడలికైతే "నువ్వొక్కదానివి అన్నం వండుకో, మాకు మామూలుగా చేసిపెట్టు" అంటారు. జబ్బు ఒకటే, మగపిల్లాడికి పథ్యం, ఆడపిల్లకి నింద.

చివరికి బావే తీసుకెళ్ళి చేయించాడు. లేదని వచ్చింది, మొత్తం ఐజీఏ కూడా సరిగ్గానే ఉంది, రోజూ చపాతీ తింటోంది కాబట్టి ఆ రిపోర్టుని నమ్మొచ్చు కూడా. రక్తహీనతకి వేరే కారణం దొరికి దానికి మందులు వాడుతోంది. "చూశావా, ఊరికే కంగారు పెట్టావు" అన్నారు మావాళ్ళు. నేను అలా అనుకోవట్లేదు. ఒక అనుమానం తీరింది, ఇంకో కారణం దొరికింది. పదకొండు నెలలు ముందే దొరకాల్సింది.

నా సంబంధాల విషయంలో నేను నిర్ణయించుకున్నాను, మొదటి ఫోన్లోనే చెప్పేస్తాను. ఇప్పటికి రెండు వెనక్కి పోయాయి. పోనీ. దాచిపెట్టి చేసుకుంటే మర్నాడు పొద్దున్న ఉప్మా ముందు కూర్చుని ఏం చెప్తాను? పిల్లలు పుడితే వాళ్ళ ఎదుగుదల చూసుకోవాల్సిన మనిషికి ఈ విషయం తెలియకుండా ఎలా? పైగా ఇది మంచాన పడేసే జబ్బు కాదు. గోధుమ మానేసిన ఎనిమిది నెలలకి నా హిమోగ్లోబిన్ 13 దాటింది, ఒక్క ఐరన్ మాత్ర లేకుండా. ఏ మందూ అక్కర్లేకుండా, పళ్ళెం మారిస్తే చాలు నిలబడే ఆటోఇమ్యూన్ జబ్బులు ఎన్ని ఉన్నాయి చెప్పండి? దాస్తేనే ఇది పెద్ద జబ్బవుతుంది.

కాబట్టి నా తోటి ఐటీ జనానికి చెప్పేది ఇంతే. మన కంపెనీలు ఏటా హెల్త్ చెకప్ చేయిస్తాయి. ఆ పీడీఎఫ్ ఓపెన్ చేసి, ఎర్రరంగులో ఉన్నవాటిని చూసి, మూసేస్తాం. పోయిన ఏడాదిదీ, అంతకు ముందు ఏడాదిదీ తీసి పక్కన పెట్టుకోండి. హిమోగ్లోబిన్ ఏటా తక్కువే ఉంటే, మాత్రలకి కదలకపోతే, లేదా ఇంట్లో ఎవరికైనా టైప్ 1 సుగరో, సీలియాకో ఉంటే, డాక్టరుగారిని టీటీజీ గురించి అడగండి. దాని ఖర్చు మీ వీకెండ్ బిర్యానీ, సినిమా ఖర్చుకి మించదు. తేలేదాకా చపాతీ మానకండి. తేలితే, తర్వాత ఒక్క ముక్క కూడా తినకండి. తేలకపోతే, హాయిగా తినండి, నా వంతు కూడా.

ఇంకొకటి. మీ టీములో ఎవరైనా "గోధుమ తినకూడదు" అంటే "డైటింగా?" అని అడగబోయే ముందు, "నీకోసం ఏం తెప్పించమంటావు?" అని అడగండి. ఇడ్లీ అంటారు. దాంతో సాంబారు మాత్రం పొయ్యొద్దు :)